విల్లు కొనకముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

విలువిద్య నేర్చుకుందామని దిగినవారిలో చాలామంది మొదటి అడుగే తప్పు వేస్తారు. ముందు విల్లు కొనేస్తారు. ఆన్‌లైన్‌లో చూడగానే నచ్చిందనో, ఎవరో 40 పౌండ్ల విల్లు (లాగితే చేతి మీద 40 పౌండ్ల బరువు పడేది) లాగుతున్నారని విన్నామనో ఆర్డరు పెట్టేస్తారు. తీరా పెట్టె విప్పి ఎక్కుపెట్టబోతే అల్లెతాడు గడ్డం దాకా రాదు. వచ్చినా రెండు క్షణాలు నిలవదు. ఒక బాణం కుడికి పోతే ఇంకొకటి ఎడమకు పోతుంది. రెండు వారాల్లో భుజం పట్టేస్తుంది. ఆ తర్వాత విల్లు అటకెక్కుతుంది.

ఇందులో వారి చేతకానితనం ఏమీ లేదు. తప్పల్లా వరసలో ఉంది. ఏ చేత్తో లాగాలన్నది కన్ను చెబుతుంది. ఎంత దూరం లాగగలరన్నది చేతుల పొడవు చెబుతుంది. ఆ దూరాన్ని బట్టి విల్లు పొడవు, ఒంట్లో సత్తువను బట్టి విల్లు పౌండ్లు తేలతాయి. ఈ రెండూ తేలాకే బాణం ఎంత బిరుసుగా ఉండాలో చెప్పగలం. ఒక లెక్క తేలకుండా తర్వాతి లెక్క తేలదు. విల్లు ముందు కొన్నవారు ఈ గొలుసును మధ్యలో పట్టుకుని లాగినట్టే.

ఏ రకం విల్లు

మన మైదానాల్లో ప్రధానంగా కనిపించేవి మూడు రకాలు. ఇండియన్ రౌండ్ విల్లును వెదురుతోనో చెక్కతోనో చేస్తారు. దానికి గురి చూసే సైటు ఉండదు. ధర తక్కువ కాబట్టి జిల్లా స్థాయిలో పిల్లలు ఎక్కువగా దీంతోనే మొదలుపెడతారు. రెండోది రికర్వ్. దీని కొసలు విలుకాడికి అవతలి వైపు వంపు తిరిగి ఉంటాయి. ఒలింపిక్స్‌లో కనిపించేది ఇదే. అక్కడ దూరం 70 మీటర్లు, లక్ష్యం వ్యాసం 122 సెంటీమీటర్లు, నడిమధ్య పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. మూడోది కాంపౌండ్. కొసల్లో క్యామ్‌లనే చక్రాలు, వాటి మీదుగా కేబుళ్లు ఉంటాయి. దీంతో 50 మీటర్ల నుంచి 80 సెంటీమీటర్ల లక్ష్యం మీద వేస్తారు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్ల పోటీ మొదటిసారి రాబోతోంది.

రికర్వ్‌కూ కాంపౌండ్‌కూ తేడా ఏమిటో తెలియాలంటే విజయవాడ ఆర్చర్లు ఇద్దరి ఆట చూస్తే చాలు. వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. సురేఖ చేతిలో తాడును పట్టి వదిలేది రిలీజ్ అనే పరికరం. విల్లు పూర్తిగా లాగాక క్యామ్‌ల వల్ల బరువు 65 నుంచి 80 శాతం దాకా తగ్గిపోతుంది. అంటే 40 పౌండ్ల కాంపౌండ్‌ను గురి చూసేటప్పుడు చేతి మీద ఉండేది 8 నుంచి 14 పౌండ్లే. ధీరజ్‌కు ఆ వెసులుబాటు లేదు. మూడు వేళ్లతో లాగాలి, పూర్తిగా లాగినప్పుడే బరువు అన్నిటికంటే ఎక్కువ, ఆ బరువు మోస్తూనే గురి చూడాలి.

ఇది విని కాంపౌండే తేలిక అనుకోవడం సహజం. కొత్తవారు కాంపౌండ్‌తో త్వరగా లక్ష్యం కొడతారన్నది నిజమే. కానీ ఎంత దూరం లాగవచ్చో ఆ విల్లులోనే బిగించి ఉంటుంది. ఆ కొలత అరంగుళం తప్పినా భంగిమ చెడుతుంది. చాలా కాంపౌండ్లకు తాడు మార్చాలన్నా విల్లును ప్రెస్ అనే యంత్రంలో పెట్టాలి, కాబట్టి దగ్గర్లో మంచి షాపో కోచో లేకపోతే చిన్న పనికి కూడా ఆగిపోతారు. సరదాగా నేర్చుకోవాలనుకునే పెద్దవారికి విడదీయడానికి వీలైన రికర్వ్ సరైనది. ఇకపై చెప్పేదంతా దాని గురించే.

కన్ను

అర్జునుణ్ణి సవ్యసాచి అన్నాం, రెండు చేతులతోనూ బాణం వేయగలడని. మామూలు మనుషులకు ఒక చేతి వాటం ఉన్నట్టే ఒక కంటి వాటం కూడా ఉంటుంది. అది తెలుసుకోవడం సులువు. రెండు అరచేతులనూ ముందుకు చాచి, వాటి మధ్య చిన్న త్రికోణం లాంటి సందు వదలండి. రెండు కళ్లూ తెరిచే ఉంచి, ఆ సందులోంచి దూరంగా ఉన్న గోడ గడియారాన్నో స్విచ్చునో చూడండి. దాన్ని చూస్తూనే చేతులను మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోండి. సందు ఏ కంటి ముందుకు వస్తే అదే మీ వాటం కన్ను. మూడు నాలుగుసార్లు చేసి చూసుకోండి.

కుడి కన్ను వాటమైతే కుడి చేత్తో తాడు లాగాలి, ఎడమ చేత్తో విల్లు పట్టాలి. దీన్ని కుడిచేతి విల్లు అంటారు. ఈ పేరు తాడు లాగే చేతిని బట్టి వచ్చింది. పట్టుకునే చేతిని బట్టి అనుకుని తప్పు విల్లు తెప్పించుకునేవారు ఉన్నారు. చేయి ఒకవైపు, కన్ను ఒకవైపు అయినప్పుడు ఏది ఎంచుకోవాలన్నది పాత తగాదా. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకైతే కన్ను చెప్పినట్టే వినడం మంచిది. వారికి ఏ చేయైనా ఒకటే, నెలలో అలవాటైపోతుంది. నలభై దాటినవారికి ఎడమచేత్తో లాగడం బొత్తిగా కుదరకపోతే చేతి వాటమే ఉంచుకుని, వేసేటప్పుడు రెండో కన్ను మూసుకోవచ్చు.

లాగే దూరం, పౌండ్లు

రెండు చేతులూ పక్కలకు బార చాచి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొస దాకా అంగుళాల్లో కొలిపించుకోండి. దాన్ని 2.5తో భాగిస్తే మీ డ్రా లెంగ్త్, అంటే లాగే దూరం, దాదాపుగా తేలుతుంది. బార 65 అంగుళాలైతే 26 అంగుళాలు, 70 అయితే 28. ఇది మొదటి అంచనా మాత్రమే. నెల రోజులు వేశాక భుజం, వీపు సరిగ్గా కుదిరితే ఇది అంగుళం దాకా పెరుగుతుంది. బాణాలు మొదట్లోనే పొట్టిగా కోయించవద్దని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు పౌండ్లు. విల్లు లింబ్ (పిడికి పైనా కిందా ఉండే వంగే భాగం) మీద 68 అంగుళాలు, 20 పౌండ్లు అని రాసి ఉంటుంది. ఆ 20 అన్నది 28 అంగుళాల దాకా లాగితే చేతి మీద పడే బరువు. మీరు 26 దాకానే లాగుతారు కాబట్టి మీకు అంత పడదు. 28 నుంచి తగ్గిన ప్రతి అంగుళానికీ సుమారు 5 శాతం తగ్గుతుంది, పెరిగితే అంతే పెరుగుతుంది. 20 పౌండ్ల విల్లుకు అంగుళానికి దాదాపు 1 పౌండు, 40 పౌండ్ల విల్లుకు 2 పౌండ్లు. అంటే 26 అంగుళాలు లాగేవారి చేతిలో ఆ 20 పౌండ్ల విల్లు 18 పౌండ్లదే. పొడగరి 30 అంగుళాలు లాగితే అదే విల్లు 22 పౌండ్లది. ఇద్దరు స్నేహితులు ఒకే విల్లు పంచుకుంటే ఒకరికి హాయిగా, ఒకరికి భారంగా ఉండటం వెనక రహస్యం ఇదే.

మొదటి విల్లు ఎన్ని పౌండ్లు ఉండాలి? పెద్దవారికి 18 నుంచి 24. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 10 నుంచి 16. జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లకు ఈ అంకె అవమానంగా తోస్తుంది. కానీ ఒక లెక్క చూడండి. 18 పౌండ్లంటే 8 కిలోలకు కొంచెం ఎక్కువ. ఒక పూట 60 బాణాలు వేస్తే దాదాపు 490 కిలోలు లాగినట్టు. అదంతా భుజం వెనక, రెక్క ఎముకల మధ్య ఉండే కండరాల మీద పడుతుంది. ఛాతీ, కండ పెంచే వ్యాయామాల్లో ఆ కండరాలకు పెద్దగా పని ఉండదు. బరువు మించిన విల్లు లాగితే ఒళ్లు అడ్డదారి వెతుక్కుంటుంది. నడుము వెనక్కి వాలుతుంది, విల్లు పట్టిన భుజం చెవి దాకా లేస్తుంది, తల తాడు దగ్గరికి వెళుతుంది. ఆ భంగిమే అలవాటైపోతుంది. తర్వాత దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

విల్లు మీకు తగిందో లేదో ఇలా తేల్చుకోండి. బాణం పెట్టి, లక్ష్యం వైపు పూర్తిగా లాగి పది అంకెలు లెక్కపెట్టండి. వదలకుండా మెల్లగా దించండి. ఇలా అయిదుసార్లు చేయండి. అయిదోసారి కూడా చేయి వణక్కుండా ఉంటే అది మీ విల్లు. మూడోసారికే భుజం లేస్తే బరువు తగ్గించాలి. పెంచేటప్పుడు ఒకసారికి 2 పౌండ్లకు మించి పెంచవద్దు, రెండు మూడు నెలలకు ఒకసారి చాలు. అందుకే మొదటి మూడు నెలలు అకాడమీ విల్లుతోనో అద్దె విల్లుతోనో నడిపించుకోవడం తెలివైన పని. తర్వాత కొనేటప్పుడు ఐఎల్‌ఎఫ్ అనే అమరిక ఉన్న పిడి తీసుకుంటే, పిడి అలాగే ఉంచుకుని లింబ్స్ మాత్రం మారుస్తూ పోవచ్చు. ఐఎల్‌ఎఫ్ లింబ్ ఏ కంపెనీదైనా ఆ అమరికలో కూర్చుంటుంది.

విల్లు పొడవు కూడా లాగే దూరాన్ని బట్టే. 26 అంగుళాలు లాగేవారికి 66 అంగుళాల విల్లు, 28 లాగేవారికి 68, 30 దాటితే 70. మధ్యలో పట్టుకునే పిడిని రైజర్ అంటారు. 25 అంగుళాల రైజర్‌కు పొట్టి లింబ్స్ వేస్తే 66, మధ్యరకం వేస్తే 68, పొడవువి వేస్తే 70 అవుతుంది. విల్లు పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు తాడు కోణం మరీ ఇరుకై వేళ్లను నొక్కేస్తుంది, చివరి అంగుళంలో బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. మరీ పొడవైతే లింబ్స్ చాలినంత వంగవు, బాణం మందకొడిగా వెళుతుంది.

బాణం

అసలు చిక్కు ఇక్కడే. విల్లు ఎంత మంచిదైనా, దానికి సరిపడని బాణంతో గురి కుదరదు. ఎందుకంటే బాణం తిన్నగా దూసుకుపోదు, వంగుతూ పోతుంది. వేళ్ల మీదుగా తాడు జారినప్పుడు అది కొంచెం పక్కకు కదిలి ముందుకు వస్తుంది. వెనక నుంచి తోపు, ముందు ములికి బరువు, మధ్యలో బాణం చేపలాగ ఒకవైపుకూ రెండోవైపుకూ వంగుతూ పిడి పక్క నుంచి తప్పుకుని పోతుంది. నెమ్మది కెమెరాలో చూస్తే ఈ అల్లాట స్పష్టంగా కనిపిస్తుంది. బాణం వంగే తీరు విల్లు తోపుకు సరిపోతే తోక పిడికి తగలకుండా దాటుతుంది. సరిపోకపోతే తగిలి పక్కకు పోతుంది.

బాణం బిరుసును స్పైన్ అంటారు. దాన్ని కొలిచే పద్ధతి చాలా సాదా. బాణాన్ని 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అరంగుళం కుంగితే దాని స్పైన్ 500. అంగుళం కుంగితే 1000. అంటే అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. కొత్తవారు చాలాసార్లు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. 18, 20 పౌండ్ల విల్లుకు 1000 దగ్గరివి లేదా ఇంకా మెత్తనివి కావాలి. షాపుల్లో ఎక్కువగా దొరికే 400, 500 స్పైన్ బాణాలు కాంపౌండ్‌కూ బరువైన విళ్లకూ తగినవి. వాటిని తేలిక విల్లుతో వేస్తే కర్రలు విసిరినట్టే ఉంటుంది.

ఇంకో మూడు సంగతులు ఈ లెక్కను మారుస్తాయి. బాణం పొట్టిగా కోస్తే బిరుసెక్కుతుంది. ముందు ములికి బరువు పెంచితే మెత్తబడినట్టు నడుస్తుంది. విల్లు పౌండ్లు పెంచినా అదే బాణం మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. కాబట్టి పౌండ్లు పెంచినప్పుడల్లా బాణాల సంగతి మళ్లీ చూసుకోవాలి. ఇది బాణాల ఖర్చే, విల్లు ఖర్చు కాదు. బడ్జెట్ వేసుకునేటప్పుడు చాలామంది దీన్ని మరిచిపోతారు.

మొదటి బాణాలు అల్యూమినియంవి అయితే మేలు. వాటి మీద 1716 లాంటి నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు వ్యాసం, అంగుళంలో 64వ వంతుల్లో. తర్వాతి రెండు గొట్టం గోడ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 1716 అంటే అంగుళంలో 17/64 వ్యాసం, 16/1000 మందం. వంగితే కంటికి కనిపిస్తుంది, సరిచేయవచ్చు. కార్బన్ బాణం తేలిక, వేగం ఎక్కువ, కానీ లోపల చిట్లినా పైకి తెలియదు. అలాంటిది వదిలేటప్పుడు పగిలితే ముక్కలు చేతిలో దిగుతాయి. కార్బన్ వాడేవారు ప్రతిసారీ వేసేముందు రెండు కొసలూ పట్టుకుని, ముఖానికి దూరంగా కొంచెం వంచి, చిటపట చప్పుడు వినాలి. చప్పుడు వస్తే ఆ బాణం విరిచి పారేయడమే.

పొడవు మాటకొస్తే, మొదటి బాణాలు మీ డ్రా లెంగ్త్ కంటే కనీసం 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. బాణం పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు ములికి రెస్ట్ (పిడి మీద బాణం ఆనే చిన్న ఆధారం) దాటి వెనక్కి వచ్చేసి, వదిలితే చేతిలోనే దిగే ప్రమాదం ఉంది. ఇది విలువిద్యలో అన్నిటికంటే చెడ్డ ప్రమాదాల్లో ఒకటి. డజను బాణాలు అక్కర్లేదు, మొదటికి ఎనిమిది చాలు: ఆరు వేయడానికి, రెండు పోగొట్టుకోవడానికి.

తోకకు మూడు ఈకలుంటాయి. ఒకటి వేరే రంగులో ఉంటుంది. తాడుకు తగిలించేటప్పుడు ఆ రంగు ఈక పిడికి అవతలి వైపు, అంటే బయటికి ఉండాలి. తోక చివర తాడు కూర్చునే గాడిని నాక్ అంటారు. అది తాడు మీద చిన్న టక్కుమనే శబ్దంతో కూర్చోవాలి. బాణాన్ని తాడుకు కిందికి వేలాడదీసి, తాడును వేలితో తడితే ఊడి పడాలి. ఊడకపోతే బిగువు ఎక్కువ. తట్టకముందే పడిపోతే వదులు. వదులు నాక్ ప్రమాదకరం, ఎందుకంటే వదిలేలోపే బాణం తాడు నుంచి జారిపోయి విల్లు ఉత్తిదే పేలుతుంది.

ఉత్తి విల్లు, తాడు, మిగతా సరంజామా

బాణం లేకుండా అల్లెతాడు లాగి వదలకూడదు. ఎప్పటికీ. లాగినప్పుడు లింబ్స్‌లో నిండిన శక్తి బాణం మీదుగా బయటికి పోవాలి. బాణం లేకపోతే అదంతా తిరిగి లింబ్స్‌లోకి, తాడులోకి కొడుతుంది. లింబ్ చీలవచ్చు, తాడు తెగి ముఖానికి తగలవచ్చు. ఇంటికి వచ్చిన బంధువులు విల్లు చూసి "ఏదీ ఒకసారి" అని చేతిలోకి తీసుకుంటారు. ఎక్కువ విళ్లు పోయేది అక్కడే. తాడు తీసి గోడకు పెట్టండి.

తాడు ఎక్కించడానికి స్ట్రింగర్ అనే తాడు ముక్క ఉంటుంది. దాని రెండు కొసలూ లింబ్స్‌కు తగిలించి, మధ్యలో కాలేసి, పిడిని పైకి లాగుతారు. వంగిన లింబ్ మీదుగా తాడు గాడిలోకి జారుతుంది. విల్లు మధ్య కాలు దూర్చి తొడతో వంచే పాత పద్ధతి వద్దు, లింబ్ మెలితిరిగిపోతుంది. ఎక్కించాక ముఖం పక్కకు తిప్పి, రెండు కొసల్లో తాడు గాడిలో కూర్చుందో లేదో చూసుకోవాలి.

తాడు ఎక్కిన విల్లుకు తాడు నుంచి పిడి లోతు దాకా ఉండే దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. 66 అంగుళాల విల్లుకు 8 నుంచి 8.5 అంగుళాలు, 68 విల్లుకు 8.5 నుంచి 9 మధ్య ఉండాలి. తగ్గితే తాడు మోచేతికి కొడుతుంది, విల్లు చప్పుడు చేస్తుంది. తాడు తీసి ఒక కొసను కొన్ని మెలికలు తిప్పితే తాడు కుదించుకుని ఈ దూరం పెరుగుతుంది. కొత్త డాక్రాన్ తాడు మొదటి వంద బాణాల్లో సాగుతుంది, కాబట్టి ఆ రోజుల్లో ప్రతిసారీ కొలవాలి. కొలవకుండా వదిలేసిన విల్లు ఒక వారం పైకి, ఒక వారం కిందికి వేస్తుంటే తప్పు తమదేనని బాధపడేవారు చాలామంది.

ఇవి కాక వేళ్లకు తోలు ట్యాబ్, విల్లు పట్టిన చేతికి ఆర్మ్ గార్డ్, జుట్టు పొడవుంటే గట్టిగా ముడి కావాలి. మెడలో గొలుసు, చున్నీ, పైజేబులో పెన్ను ఉండకూడదు. వేసవిలో విల్లును కారులో వదిలి వెళ్లవద్దు. మన ఎండకు మూసిన కారు లోపలి వేడి లింబ్ పొరల జిగురును వదులు చేస్తుంది.

ఎక్కడ వేయాలి

డాబా మీద, అపార్ట్‌మెంట్ వెనక సందులో వేయవద్దు. 20 పౌండ్ల విల్లు కూడా పైకి ఎత్తి వదిలితే బాణాన్ని వంద మీటర్లు దాటిస్తుంది. గోడ అడ్డుందన్న ధీమా చాలదు, కొత్తవారి చేతిలో బాణం గోడ మీదుగా పోవడం అసాధ్యమేమీ కాదు. జిల్లా ఆర్చరీ సంఘం గుర్తింపు ఉన్న మైదానమో అకాడమీయో వెతుక్కోండి. అమెరికాలో పిల్లలను చేర్పించాలనుకునే తెలుగువారికి క్లబ్బుల్లో జూనియర్ కార్యక్రమాలు ఉంటాయి.

మైదానంలో విజిల్ మాటే శాసనం. రెండు ఊదితే గీత దగ్గరికి రావాలి. ఒకటి ఊదితే వేయడం మొదలు. మూడు ఊదితే విళ్లు పెట్టేసి బాణాలు తెచ్చుకోవాలి. అయిదు, అంతకు మించి వరసగా ఊదితే ఎక్కడివారు అక్కడ ఆగిపోవాలి, ఎక్కుపెట్టినవారు దించేయాలి. బాణం తీసేటప్పుడు ఒక అరచేయి లక్ష్యానికి ఆనించి, రెండో చేత్తో బాణాన్ని లక్ష్యానికి దగ్గరగా పట్టి తిన్నగా లాగాలి. వెనక ఎవరూ నిలబడకూడదు. లక్ష్యం దగ్గరికి పరుగెత్తకూడదు, గుచ్చుకుని ఉన్న బాణాల తోకలు సరిగ్గా కంటి ఎత్తులో ఉంటాయి.

వేయడం

గీతకు అటొక కాలు, ఇటొక కాలు, భుజాల వెడల్పున. బరువు రెండు పాదాల మీదా సమానంగా. బాణం తాడుకు తగిలించాక మూడు వేళ్లు వేయాలి. చూపుడువేలు బాణానికి పైన, మధ్యవేలు, ఉంగరం వేలు కింద. తాడు వేళ్ల మొదటి కణుపు మడతలో ఉండాలి, కొసల మీద కాదు. బొటనవేలికి ఇక్కడ పని లేదు. బొటనవేలితో లాగే పద్ధతి ఆసియాలో పాతది, కొరియా సంప్రదాయ విలువిద్యలో ఇప్పటికీ ఉంది. ఏకలవ్యుడి బొటనవేలికి అంత విలువ ఎందుకో ఆ పద్ధతి చూస్తే తెలుస్తుంది.

నీళ్ల బకెట్ మోసేటప్పుడు చేయి ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. వేళ్లు కొక్కెంలా వంగి ఉంటాయి, మణికట్టు వదులుగా ఉంటుంది, చేతి వెనక భాగం చదునుగా ఉంటుంది. తాడు పట్టేది కూడా అంతే. పిడికిలి బిగిస్తే తాడు మెలిపడి, లాగుతుండగానే బాణం రెస్ట్ మీద నుంచి పక్కకు జారుతుంది. చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య బాణాన్ని నొక్కేసినా ఇదే జరుగుతుంది. సన్నటి సందు వదలాలి. విల్లు పట్టే చేతికి కూడా ఇలాంటి సమస్యే వస్తుంది, వదిలేటప్పుడు పడిపోతుందేమోనని గట్టిగా పట్టేస్తారు. పిడి బొటనవేలి కింది మెత్తటి కండ మీద ఆనాలి, మిగతా వేళ్లు ఊరికే ఉండాలి. విల్లు పడకుండా వేళ్లకు చిన్న తాడు కట్టుకునేది అందుకే.

విల్లు చేయి చాచాక మోచేతిని కొంచెం బయటికి తిప్పితే, లోపలి మడత పైకి కాకుండా పక్కనున్న గోడను చూస్తుంది. ఇది చేయకపోతే తాడు మోచేతి లోపలికి తగిలి కమిలిపోతుంది. తర్వాత తాడును చేత్తో కాక మోచేతితో వెనక్కి లాగుతున్నట్టు లాగండి. చూపుడువేలు దవడ ఎముక కింద ఆనాలి, తాడు గడ్డం మధ్యకూ ముక్కు కొసకూ తగలాలి. ఈ మూడు తాకిళ్లూ ప్రతిసారీ ఒకే చోట పడాలి. వెనక సైటు లేని రికర్వ్‌లో మీ ముఖమే వెనక సైటు. దవడ కింద చేయి అర సెంటీమీటర్ కిందికి జారినా బాణం లక్ష్యం మీద చాలా పైకి పోతుంది.

వదలడం అంటే వేళ్లు విప్పడం కాదు. కొక్కెం అలసి సడలినట్టు సడలాలి. వీపు లాగుతూనే ఉంటుంది కాబట్టి చేయి దానంతట అదే మెడ వెంబడి చెవి వెనక్కి జారుతుంది. కుడిచేత్తో లాగేవారు చేతిని ముఖానికి దూరంగా పక్కకు పీకితే బాణం ఎడమకు పోతుంది. బాణం ఎటు పోయిందో చూద్దామని విల్లు చేయి దించితే కిందికి పోతుంది. విల్లు పైకొస కుడికి వాలి ఉంటే బాణం కుడికి, కొంచెం కిందికి. బాణం లక్ష్యాన్ని తాకేదాకా రెండు చేతులూ ఉన్నచోటే ఉంచడం అలవాటు చేసుకుంటే ఈ తప్పుల్లో సగం పోతాయి. గురి కుదరలేదనిపిస్తే వదలకండి, దించేసి మళ్లీ మొదలుపెట్టండి. దించడం చేతకాని విలుకాడికి కొన్నాళ్లకు, లక్ష్యం మధ్యనుండే పసుపు మీద గురి ఆనగానే చేయి తనంతట వదిలేసే జబ్బు పట్టుకుంటుంది.

మొదటి రెండు వారాలు లక్ష్యం కాగితమే వద్దు. 3 నుంచి 5 మీటర్ల దూరంలో ఉత్తి గడ్డి దిమ్మె మీద వేయండి. మధ్యలో పసుపు రంగు కనిపిస్తే మనసు వేళ్ల మీద ఉండదు. ఒక విడతకు 6 బాణాలు, పూటకు 8 నుంచి 10 విడతలు, వారానికి మూడు పూటలు సరిపోతుంది. ఆఖరి విడతల్లో భుజం లేస్తుంటే అక్కడితో ఆపేయాలి. మిగిలిన రోజుల్లో ఇంట్లో రబ్బరు బ్యాండుతో అద్దం ముందు లాగడం సాధన చేయండి.

కాగితం పెట్టాక మధ్యలో పడిందా అని చూడకండి, బాణాలన్నీ ఒకచోట పడ్డాయా అని చూడండి. ఆరూ ఎడమ పైన గుంపుగా పడితే మీరు బాగా వేసినట్టే. సైటు మార్చడమే మిగిలింది. సైటును బాణాలు పడిన వైపుకే జరపాలి. ఎడమకు పడితే ఎడమకు, పైకి పడితే పైకి. ఇది తిరకాసుగా అనిపిస్తుంది కానీ, సైటు ఎడమకు జరిపితే అదే మధ్య మీద గురి పెట్టడానికి విల్లు కుడికి తిరగాల్సి వస్తుంది.

ఇలా గుంపు కుదిరాకే స్పైన్ పరీక్షకు అర్థం ఉంటుంది. 18 మీటర్ల నుంచి ఈకలున్న బాణాలు మూడు, ఈకలు తీసేసినది ఒకటి వేయండి. కుడిచేత్తో లాగేవారికి, ఈకలు లేనిది గుంపుకు ఎడమన పడితే బాణం బిరుసు, కుడిన పడితే మెత్తన. ఒకసారి వేసి తీర్పు చెప్పకండి, నాలుగైదు విడతలు అదే వైపు పడాలి.

10 మీటర్ల నుంచి ఆరు బాణాలు జానెడు వెడల్పులో పడటం మూడు పూటలు వరసగా కుదిరితే 18 మీటర్లకు జరగవచ్చు. ఇండోర్ పోటీల దూరం అదే, అక్కడి లక్ష్యం 40 సెంటీమీటర్లు. దూరం మారిన ప్రతిసారీ సైటు ఏ గీత మీద ఉందో, ఆ రోజు బ్రేస్ హైట్ ఎంత ఉందో చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి. వర్షాకాలం రెండు నెలలు ఆగి మళ్లీ మైదానానికి వెళ్లిన రోజు, మొదటి ఆరు బాణాలు ఎక్కడ పడతాయో చెప్పేది ఆ రెండంకెలే.